రబ్బరు పాలు పడని ఎస్టేట్ పిల్ల

2023 నవంబరు. మలేషియాలో సుంగై సిపుట్ ఊరికి అవతల, మనుషులంతా ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక పాత రబ్బరు ఎస్టేట్‌లో క్రిస్మస్ స్పెషల్ టెలీమూవీ షూటింగ్. నేను మేకప్ ఆర్టిస్టుని. హైదరాబాదులో టీవీ సీరియళ్ళకు పనిచేసేదాన్ని. పెళ్ళయ్యాక, మా వారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల మలేషియా వచ్చి క్లాంగ్‌లో ఉంటున్నాం. పాప పుట్టిన తరవాత నేను ఒప్పుకున్న మొదటి పని ఇదే. విజయనగరం నుంచి మా అమ్మ వచ్చి ఉండటంతో ఆవిడనూ పాపనూ వెంటబెట్టుకుని వెళ్ళి, ఊళ్ళో అద్దె గదిలో ఉంచాను. మామూలుగానే నాకు భయం ఎక్కువ. తల్లినయ్యాక అది రెట్టింపయింది. ఇది రాస్తూ కూడా పాప పక్కన పడుకుని ఊపిరి తీస్తోందో లేదో మధ్యమధ్యలో చూసుకుంటూనే ఉన్నాను.

మా టెలీమూవీ కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే కథ. ఒకప్పుడు క్రిస్మస్ ముందు రోజు ఎస్టేట్ జనాన్ని ఎక్కించుకుని, పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగిన లారీ ఒకటి పొదల్లో తుప్పు పట్టి ఉంటుంది. రిటైరైన డ్రైవరూ అతని భార్యా సరదాకి దాన్ని స్టార్ట్ చేస్తే, ఒక్కోసారి ఒక్కో ఏటి క్రిస్మస్‌కు తీసుకెళ్ళి దింపుతుంది. గతంలోని పడుచు జంటకు వేరే నటులున్నారు. ఇప్పటి అరవై ఏళ్ళ జంటగానూ, రాబోయే కాలంలోని ఎనభై ఏళ్ళ జంటగానూ మా ఇద్దరు ముఖ్య నటులే వెయ్యాలి. ఆఖరి సీన్లో ఆ అరవై ఏళ్ళ మొగుడూ పెళ్ళాలు పొద చాటున నిలబడి, ఎనభై ఏళ్ళ తమను తామే చూసుకుంటారు. సినిమా మొత్తం ఆ సీన్ మీదే నిలబడింది.

ఆ ఇద్దరు ఎస్తేరు గారు, డేనియల్ గారు. ఇద్దరూ ఆ చుట్టుపక్కల ఎస్టేట్లలో పుట్టిన తెలుగు క్రైస్తవులే. వాళ్ళకు దొరికిన పాత్రలు మాత్రం తమిళంలోనే. మొదటి నాటకంలో ఇద్దరూ హీరో హీరోయిన్లు. ఆ తరవాత డేనియల్ గారు హీరోగానే కొనసాగారు. టీవీలో అవకాశాలు తగ్గాక పెళ్ళిళ్ళకు ఎమ్సీగా, అంటే మైకు పట్టుకుని వేడుక నడిపించే మనిషిగా, దర్జాగా తిరుగుతున్నారు. ఎస్తేరు గారు పిల్లలు పుట్టాక తిరిగొచ్చేసరికి వదిన పాత్రలిచ్చారు, తరవాత అత్త, ఆ తరవాత ఒంట్లో బాగోక మంచం మీద దగ్గే అమ్మ. చివరికి ఒక సీరియల్లో డేనియల్ గారికే తల్లిని చేశారు. ఆయన ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్ద! అప్పటినుంచి సెట్లో ఆయన్ని "కొడుకా" అనే పిలుస్తుంది. ఆయన "అమ్మా, ఆకలి" అని వెంటపడి ఏడిపిస్తారు. ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ ముఖ్యపాత్ర రావడం ఆవిడకు ఇదే మొదటిసారి. ఇంకోసారి రాదని ఆవిడకూ తెలుసు.

అరవైని ఎనభై చెయ్యడానికి మేము లిక్విడ్ లేటెక్స్ వాడతాం. అంటే రబ్బరు పాలే, శుభ్రం చేసి సీసాలో పోసినవి. చర్మాన్ని వేళ్ళతో లాగి పట్టుకుని, స్పాంజితో పలచగా అద్ది, ఆరాక వదిలేస్తే చర్మం ముడతలు పడి కనిపిస్తుంది. కొందరికి అది పడదు. అందుకని ముందు ప్యాచ్ టెస్ట్ చేస్తాం, అంటే ఒక చుక్క చేతికి రాసి మర్నాటిదాకా చూస్తాం. సీసా మూత తియ్యగానే ఎస్తేరు గారి ముక్కుపుటాలు అదిరాయి.

"ఏటమ్మా ఇది? రబ్బరు పాలు కాదేటి?"

"అవునండీ. మోచేతి దగ్గర కొంచెం రాస్తాను. రేపు చూద్దాం, మీకు పడుతుందో లేదో."

"నాకా? నాకు పడకపోడమేటి లా! మాయమ్మ నన్ను సెట్టుకింద గుడ్డేసి పడుకోబెట్టి పాలు తీసేది. ఉగ్గుపాల కన్నా ముందు ఈ వాసనే సూసినాను నాను." మాట చివర "లా" తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

డైరెక్టర్ సెల్వం గారు అటుగా వెళుతూ తమిళంలో నవ్వారు. "భయం మేడం, చేపకు ఈత వచ్చో రాదో పరీక్ష చేస్తున్నారా?" అప్పటినుంచి సెట్లో నా పేరు భయం మేడం.

మర్నాడు పొద్దున్న "ఏమైనా అయిందా అండీ?" అని అడిగాను. "ఏటీ అవనేదు" అంది. చెయ్యి పట్టుకుని చూశాను. చర్మం మామూలుగానే ఉంది. సరేనని మొదలుపెట్టాను.

ఎడమ కణత మీద మొదటి పొర ఆరుతుండగానే ఆవిడ కన్ను బరువెక్కింది. నేను చూస్తుండగానే రెప్ప ఉబ్బి, బుగ్గ మీద దద్దుర్లు లేచాయి. లేటెక్స్ ఒలిచేసి, మొహం కడిగించి, వ్యాన్ ఎక్కించాను. గొంతు కూడా వాచి ఊపిరి ఆగిపోతుందేమోనని భయం. క్లినిక్కు చేరేదాకా "ఊపిరి ఆడుతోందా అండీ, ఆడుతోందా" అని అడుగుతూనే ఉన్నాను.

"నువ్వలగ అడుగుతుంటేనే నాకు ఊపిరాడ్డం నేదే తల్లీ" అంది ఆవిడ.

ఇంజక్షన్ చేశాక డాక్టరమ్మ చెప్పింది: రబ్బరు పాలు ఏళ్ళ తరబడి ఒంటికి తగిలిన వాళ్ళకే ఒక్కోసారి ఇలా ఎదురు తిరుగుతుందట. ఇంకెప్పుడూ వాడకూడదు. మొహం పూర్తిగా మానేదాకా లేటెక్సే కాదు, మరే జిగురూ రంగూ కూడా తగలకూడదు.

"నిన్న రాసినచోట నిజంగా ఏమీ అవలేదా అండీ?" అని అడిగాను.

"రేతిరి కాసింత దురద పెట్టినాది. దద్దుర్లు లేసినాయి. కొబ్బరినూని రాసుకున్నాను, పోనాది."

"మరి ఏమీ అవలేదన్నారే!"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "రబ్బరు పాలు తగిల్తే దురద రాదేటమ్మా? మా కూలీల లైనిళ్ళల్లో అందరికీ వొచ్చేది. గోక్కుంటానే బళ్ళోకి ఎల్లేవోళ్ళం. అదేటి, సెప్పుకునే మాటా?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు.

రెండు రోజులకు వాపు తగ్గి ఎస్తేరు గారు సెట్‌కు వచ్చింది. అప్పటికే సెల్వం గారు దగ్గర్లోని ఈపో పట్నం నుంచి ఒక పెద్దావిడను మాట్లాడి పెట్టారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. లారీ, ఆ చోటు వారాంతం దాకానే మా చేతిలో ఉన్నాయి.

"అక్కా, ఎనభై ఏళ్ళ సీన్ ఒక్కటే ఆవిడ చేస్తుంది. మిగతాదంతా నువ్వే" అన్నారు.

"ఆ ఒక్కటి కోసమే నాను ఒప్పుకున్నాను తంబీ. నా మొగానికి ఏటీ ఒద్దు. ఇలాగే తియ్యి."

"ఎలా తియ్యను? పక్కన డేనియల్ గారు ముడతలతో ఎనభై ఏళ్ళ ముసలాయన. నువ్వు ఆయన కూతురిలా కనిపిస్తావు."

"అదీ సరిపోనాది. ఆడికి అమ్మనైనాను. ఇప్పుడు కూతుర్నీ అయితాను. పెళ్ళానికి మట్టుకు నాను పనికిరాను, అంతేనేటి?"

నవ్వుతూనే అంది కానీ ఎవరం నవ్వలేదు. ఆవిడ వెళ్ళి లారీ నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

డేనియల్ గారు ఇదంతా మేకప్ గది గుమ్మంలోంచి విన్నారు. సగం ముసలి మొహంతో ఉన్నారు, ఒక బుగ్గ మీద ముడతలు ఆరిపోయాయి. నన్ను లోపలికి పిలిచి, మేకప్ కుర్చీలో కూర్చున్నారు.

"తీసెయ్యమ్మా."

"ఏది సార్?"

"ఇదీ" అని బుగ్గ చూపించారు. తరవాత తల మీద చెయ్యి పెట్టుకుని "అదీ" అన్నారు.

ఆయనది విగ్గు. రోజూ పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని అంటించే దాన్ని. ఆ ఒత్తయిన నల్లజుట్టుతోనే ఆయన హీరో, దానితోనే పెళ్ళిళ్ళ ఎమ్సీ. ఆ కిందున్నది సెట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అలవాటుగా తలుపు వెయ్యబోయాను.

"ఏస్తావెందుకు? ఎలాగూ అందరూ సూసీదే కదా."

"సార్, పెళ్ళిళ్ళకు మళ్ళీ పిలుస్తారా మరి?"

"పిలిస్తే గుండుతోనే ఎల్తాను. ఇప్పుడు పెళ్ళికొడుకులే సగం మంది నా దారిలో ఉన్నారు లా" అన్నారు. కానీ అంచు దగ్గర జిగురు కరిగించి విగ్గు ఎత్తుతున్నప్పుడు ఆయన అద్దంలోకి చూడలేదు. కళ్ళు మూసుకుని, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. నున్నటి తల, చెవుల పైన పక్షి ఈకల్లాంటి తెల్లవెంట్రుకలు. లేటెక్స్ ముడతల కింద దాక్కున్న అసలు ముడతలు వేరే చోట్ల ఉన్నాయి, ఇంకా మెత్తగా.

ఆయన బయటికి నడిచారు. లైట్లు సర్దుతున్నవాళ్ళు చేతులాపి చూశారు. ఎస్తేరు గారు కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. "ఏటి కొడుకా, ఈ గుండు ఏ కోవెల్లో కొట్టించినావు?" అంది.

"కొడుకంటే ఊరుకోను. ఇయాల నానే మొగుణ్ణి" అన్నారు డేనియల్ గారు. సెల్వం గారి వైపు తిరిగి, "ఇప్పుడు తియ్యి. బాగా రాకపోతే ఆ ఈపో ఆవిణ్ణే పిలువు. నాను మాటాడను" అన్నారు.

ఒకే ఒక్క టెస్ట్ షాట్‌కు ఒప్పుకున్నారు సెల్వం గారు. అసలు షూటింగుకు ముందు ఎలా ఉంటుందో చూసుకోవడానికి తీసేది అది. డాక్టరు మొహమే ముట్టుకోవద్దన్నది కాబట్టి ఎస్తేరు గారి జుట్టుకు వెనకవైపు మాత్రం కొంచెం తెల్లపొడి చల్లాను. నేను చేసిన పని అంతే. లైనింటి గుమ్మంలోంచి బయటికి వచ్చి, వాన తడి మీద నడిచి, మొగుడి చెయ్యి పట్టుకుని లారీ మెట్టు ఎక్కాలి. మాటలు లేవు.

ఆవిడ గుమ్మంలోంచి వచ్చింది. ఏం చేసిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కుడి భుజం ఒక్కటీ కిందికి జారింది. పాల బకెట్ల కావడి మోసి మోసి వాళ్ళమ్మ భుజం అలాగే ఉండేదని తరవాత చెప్పింది. పెదాలు లోపలికి ముడుచుకున్నాయి. అడుగు వేసేముందు నేలను నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టు పాదం కాస్త గాల్లో ఆగుతోంది. లారీ దగ్గర డేనియల్ గారు చెయ్యి చాపారు. ఆ చెయ్యి సన్నగా, ఆగకుండా వణుకుతోంది. ఆవిడ మెట్టు మీద పాదం పెట్టింది. పాదం జారింది.

నేను పరిగెత్తాను. బురదలో, కేబుళ్ళ మీదుగా పరిగెత్తి వెళ్ళి ఆవిడ మోచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. "జాగ్రత్తండీ, మెల్లగా, నేను పట్టుకున్నాను!"

"కట్! ఎవరది ఫ్రేములో?" అని సెల్వం గారి కేక.

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఆ కళ్ళకు నేనెవరో తెలియలేదు. ఎవరో ఒక ముసలావిడ, ఎవరో ఒక అమ్మాయి సాయానికి వచ్చినందుకు మర్యాదగా చూసిన చూపు అది. నా చేతుల మధ్యే ఆ మోచెయ్యి గట్టిపడింది, భుజం లేచింది, ఇరవై ఏళ్ళు వెనక్కి నడిచి ఎస్తేరు గారు తిరిగొచ్చి పకపకా నవ్వింది. "ఏటే పిచ్చిదానా, నాను పడిపోతాననుకున్నావేటి?"

సెల్వం గారు హెడ్‌ఫోన్ మెడలోకి దించుకుని మా దగ్గరికి వచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. ఆయన నన్ను చూడలేదు. వాళ్ళిద్దర్నీ చూశారు, తల వంచి ఇద్దరికీ చేతులు జోడించారు. అసిస్టెంటుకు తమిళంలో చెప్పారు: "ఈపో ఆవిడకు ఫోన్ చేసి రావద్దని చెప్పు. మేకప్ మనిషే మోసపోయింది. ఇంకెవరికి అనుమానం వస్తుంది?"

క్రిస్మస్ నాడు క్లాంగ్‌లో మా ఇంట్లో, పాపను ఒళ్ళో పెట్టుకుని ఆ సీన్ చూశాను. అది ఎలా తీశారో తెలిసి కూడా ఆ మెట్టు దగ్గర నా చెయ్యి ముందుకు వెళ్ళింది. డేనియల్ గారిని ఇప్పుడు పెళ్ళిళ్ళకు కాస్త తక్కువగా పిలుస్తున్నారట. గుండుతోనే వెళుతున్నారు. ఎస్తేరు గారికి ఒక చిన్న సినిమాలో న్యాయవాది పాత్ర వచ్చింది. దగ్గే అమ్మ కాదు.

వయసును నేనే మొహాల మీద గీస్తాననుకునే దాన్ని. అది మనుషుల్లో ముందే ఉంటుందని, పిలిచే వాళ్ళు పిలిస్తే నడిచి వస్తుందని ఆ రోజు నా చేతులతో పట్టుకుని తెలుసుకున్నాను. ఇక ప్యాచ్ టెస్ట్ మర్నాడు "ఏమైనా అయిందా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు అందరూ "ఏమీ అవలేదు" అనే అంటారు. ఇప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "అలవాటైపోయి మీరు లెక్క చెయ్యని బాధ ఏదైనా ఉందా?" అని అడుగుతాను. వచ్చినవాళ్ళు నవ్వుతారు. కాసేపటికి నవ్వడం ఆపి, ఆలోచించడం మొదలుపెడతారు. నేను తొందరపెట్టను.