ఆటోలో ఈల

చెల్లీ, "మనవరాల్ని వియత్నాం పంపడానికి అక్క ఒప్పేసుకుంది" అని నిన్న నా పోస్టు కింద రాశావు. ఒప్పుకోలేదమ్మా, ఆలోచిస్తానన్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో నెల్లాళ్ళుండి లక్కపని నేర్చుకుంటానంటే ఎవరు మాత్రం వెంటనే ఊఁ అంటారు?

ఈ రోజు ఏటికొప్పాక నుంచి షేర్ ఆటోలో వస్తుంటే, అక్కడి లక్క బొమ్మలు చూడటానికి ఒంటరిగా వచ్చిన విదేశీ అమ్మాయి నా పక్కన కూర్చుంది. మెడలో ఈల. ఎదురుగా జీడిమామిడి పళ్ళ బుట్టతో ఉన్నావిడ ఊరుకుంటుందా?

"ఏటే పిల్లా, ఆ ఈలెందుకు? కండక్టరువా ఏటి?"

నేను ఇంగ్లీషులో అడిగి చెప్పాను. ఎవరైనా మీదికొస్తే ఊదమని వాళ్ళమ్మ కట్టి పంపిందట. కొత్తవాళ్ళు పెట్టింది తినొద్దనీ చెప్పిందట. ఈ మాట చెప్పేటప్పటికి ఆ పిల్ల ఆవిడిచ్చిన రెండో పండు తింటోంది.

"ఆ తల్లి బుద్దిమంతురాలే," అందావిడ. "పిల్లనీ ఆపనేదు, ఈల కట్టడమూ మాననేదు."

తరవాత ఆ పిల్ల బ్యాగు జిప్పు తెరిచి ఉండటం చూసి, ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి తనే మూసింది.

వారంగా నేను తేల్చలేనిది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. చెల్లీ, ఇప్పుడు ఒప్పుకున్నాను. ఇప్పుడు రాసుకో. మిగతావాళ్ళు మీ పిల్లలకు ఏ షరతులు పెట్టి పంపారో చెప్పండి, నా జాబితా ఇంకా చిన్నదిగానే ఉంది.

రేపు మాకవరపాలెం నుంచి వచ్చేటప్పుడు ఆటవస్తువుల షాపులో ఈల ఒకటి కొను చెల్లీ. ప్లాస్టిక్‌ది వద్దు, స్టీలుది. అక్కడే ఊది చూడు. షాపువాడు ఉలిక్కిపడితేనే తీసుకో.