అహోబిలంలో అల్లుడితో పోట్లాట

మా కర్నూలు కాలేజీలో సోమవారం నేనొక పాఠం చెప్పాల్సి ఉండింది. పదిహేడో శతాబ్దపు ఆంగ్ల కవి ఒకాయన, చర్చిలో గురువు, భార్యను పోగొట్టుకున్నవాడు, దేవుడితో పద్యాల్లోనే వాదులాడినవాడు. ఏళ్లుగా చెప్పిన పాఠమే. మా ఆయన పోయినప్పటి నుంచి మాత్రం ఆ పేజీ తెరిస్తే పాఠం ముందుకు సాగడం లేదు. ఏటి మైల తీరినా నాకు గుడి గడప తొక్కబుద్ధి కాలేదు. అంత దుఃఖంలో ఆ కవి దేవుడి ముఖం ఎలా చూశాడో తెలియకుండా పిల్లలకేం చెప్పను? మా ఆయన కొలిచింది అహోబిలం నరసింహుణ్ణి. ఆ స్వామినే అడుగుదామని శనివారం బయల్దేరాను.

పొద్దున ఆరింటికి ఆర్టీసీ బస్సెక్కితే నంద్యాల మీదుగా తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డ. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. అక్కడి నుంచి ఎగువ అహోబిలానికి ఆటో ఐదువందలు. "ఒక్కరే వచ్చినారేమ్మా, సారు రాలేదా?" అన్నాడు డ్రైవర్. "రాలేదప్పా" అని ఆటో ఎక్కాను.

గుడి మెట్ల దాకా వచ్చి ఆగిపోయాను. పక్క పాకలో దోసెలు పోస్తున్న ఈదమ్మ దగ్గర కూలబడ్డాను. ఆమె ఈ అడవిలోని చెంచుల మనిషి. తిన్నాక కూడా నేను లేవకపోతే, "గుడి మూస్తారు, పోవా తల్లీ?" అంది.

"స్వామి మీద కోపంగా ఉందమ్మా. మా ఇంటాయన్ని తీసుకుపోయాడు."

"కోపముంటే ఈడ కూసుంటే ఏమొస్తాది? పోయి తిట్టు. మా చెంచుల పిల్లను చేసుకున్నాడు, మాకు అల్లుడు. నా కొడుక్కి జరమొస్తే నేనూ పోయి శానా తిట్టినా."

"తగ్గిందా?"

"లేదు, పోయినాడు." పెనం మీద నీళ్లు చల్లింది. "అయినా పారువేట పండక్కి సామి పల్లకిలో మా పల్లెకొస్తే హారతియ్యకుండా ఉంటానా? మనోడు గాబట్టే తిడతాం. మాటే మానుకుంటే ఇంగ సుట్టరికం యాడుండాది?"

లేచి మెట్లెక్కాను. గుడి గుహలో హారతి వెలుగుకు స్వామి ముఖం కనిపించగానే "ఎందుకు చేశావయ్యా ఈ పని?" అని పైకే అనేశాను. వెక్కి వెక్కి ఏడ్చాను. పూజారిగారు తులసి చేతిలో పెట్టి, పక్కన నిలబడనిచ్చారు. గుండె బరువు కాస్త దిగింది. కిందికొచ్చి ఈదమ్మ చేతులు పట్టుకుని దండం పెట్టాను.

నా పాఠంలోని కవి కాలపువాళ్లలో కొలువు వదులుకుని పల్లె చర్చిలో కుదురుకున్నవాడున్నాడు, చూపు పోయాక కావ్యం చెప్పి రాయించినవాడున్నాడు. అందరికీ దేవుడితో ఏదో ఒక పేచీ ఉంది, ఎవరూ మాట మానుకోలేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఆ సంగతి ఈదమ్మ పుణ్యాన తెలిసింది. మీరు వెళ్తే పదకొండుకల్లా ఎగువ గుడికి చేరండి, మధ్యాహ్నం మూసేస్తారు.

సోమవారం పాఠం చెప్పాను. "దేవుణ్ణి అంతలేసి మాటలనొచ్చా మేడమ్?" అని ముందు బెంచీలో అమ్మాయి అడిగింది.

"మనవాడైతే అనొచ్చమ్మా" అన్నాను.