నాకు ఆఖరి నీళ్లు పోసేదెవరు

కార్తీకమాసం, రెండో సోమవారం, పొద్దున్న పదిన్నర. రాజోలు దగ్గర మా తమ్ముడింటి పెరట్లో జరిగింది. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నదాన్ని, తప్పులుంటే ఉంటాయి. జరిగింది మాత్రం ఇదే.

పుట్టినప్పుడు నన్ను మగపిల్లాడన్నారు. ఇరవై ఏళ్లకి చీర కట్టి ఇల్లు వదిలాను. ఆపరేషన్ మాత్రం చేయించుకోలేదు. ఆ రోజుల్లో మా వాళ్లలో ఆ పని చేసేది డాక్టరు కాదు, కత్తి పట్టిన ఒక ముసలమ్మ. నా కళ్ల ముందే ఒక పిల్ల నెత్తురు ఆగక చచ్చిపోయింది. భయపడ్డాను. భయపడే నలభై ఏళ్లు బతికాను.

మొన్న వేసవిలో ఐ.పోలవరంలో నా తోడు చచ్చిపోయింది. అదీ నాలాంటిదే. ముప్పై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. మా వైపు పోయినవాళ్లు మగవాళ్లయితే మగవాళ్లు, ఆడవాళ్లయితే ఆడవాళ్లు నీళ్లు పోస్తారు. దాని అన్నదమ్ములు వచ్చి, జుట్టు కత్తిరించి, గాజులు చితక్కొట్టి, వాకిట్లో నలుగురు మగాళ్లు నీళ్లు పోసి పంచె కట్టారు. నన్ను గేటు లోపలికి రానివ్వలేదు.

ఆ తరవాతే కాకినాడ వెళ్లి, ఇప్పుడు ఆపరేషన్ చేస్తారా అని డాక్టరును అడిగాను. షుగరుంది, గుండె బాగోలేదు, బల్ల మీదే పోవచ్చమ్మా అన్నాడు. ఇంటివాళ్లతో మాట్లాడి రమ్మన్నాడు.

అందుకే వెళ్లాను. పెరట్లో ఒక మనిషి చెట్టెక్కి కొబ్బరి దింపు తీస్తున్నాడు. తమ్ముడు కాయలు పోగేస్తున్నాడు. మరదలు అరుగు మీద కంద చెక్కు తీస్తోంది. విషయం చెప్పాను.

“అరవై నాలుగొచ్చేయి అన్నయ్యా. ఇప్పుడు కోయించుకుని ఎవరికి చూపిస్తావు?” అన్నాడు తమ్ముడు.

“చూపించడానికి కాదురా. నేను పోతే నీళ్లు పోసేది నువ్వా, నీ పెళ్లామా?”

“ఉన్నదేదో చూసే పోస్తాం.”

“అందుకే తీయించేస్తానంటున్నాను.”

చెట్టు మీద మనిషి గెల కొట్టడం ఆపాడు.

మరదలు పెళ్లయిన నాటి నుంచి నన్ను బావగారనే పిలిచింది, అదీ పిలవాల్సి వస్తే. చేతులు చీరకు తుడుచుకుంది.

“ఆ బల్ల ఎక్కకండి వదినగారూ. నేను పోస్తానండీ నీళ్లు. పసుపు రాసి, చీర కట్టి పంపిస్తాను.”

“మీ ఆయన అడ్డొస్తే?”

“ఆయన్ని వాకిట్లోకి రానిస్తే కదండీ.”

తమ్ముడు సరే అనలేదు, కాదనీ అనలేదు. వంగి ఇంకో కాయ అందుకున్నాడు.

“ఆయ్, నేనూ విన్నానండి,” అన్నాడు దింపు మనిషి పైనుంచి.

మళ్లీ కాకినాడ వెళ్లలేదు. ఇందులో సంతోషమేమీ లేదు. ఈ ఒంటితోనే పోవాలి నేను. స్నానం చేసేటప్పుడు ఈనాటికీ కళ్లు మూసుకుంటాను. మరదలే నాకంటే ముందు పోతే ఎలాగన్నది ఆ పూట తట్టలేదు. ఇప్పుడు రోజూ తడుతోంది. అందుకే రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ కాదనకుండా.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: అరుగు మీద మా మరదలు, కాయల దగ్గర మా తమ్ముడు, చెట్టు మీద దింపు మనిషి, చీరలో నేను.