డాబా మీద గుళికలు, అత్తగారి టార్పాలిన్

మా దీవిలోని మిన్నీ బేలో, మా డాబా మీద ఎనిమిది నెలల పాటు తెల్లటి గుళికలు ఒక తీగ తట్టలో పోసి ఆరుబయట ఉంచాను. అవి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటాయి, వేడి చేస్తే వదిలేస్తాయి, మళ్లీ పట్టుకుంటాయి. మా ఉప్పుగాలికీ వానలకీ ఆ శక్తి ఎన్నాళ్లు నిలుస్తుందో చూడటమే నా ఉద్యోగం. నెలకోసారి గుప్పెడు గుళికలు పొట్లం కట్టి మెయిన్‌లాండ్‌లోని ల్యాబ్‌కు పంపేదాన్ని. ప్రతిసారీ ఒకటే జవాబు, కొత్తవాటిలాగే ఉన్నాయని. వాళ్లు మురిసిపోయి ఇక్కడ ఈ గుళికలతో నడిచే పెద్ద యంత్రమే పెడతామన్నారు. అది వస్తే నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

ఒక మధ్యాహ్నం మబ్బు పడితే ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాను. డాబా ఎక్కి చూద్దును కదా, మా అత్తగారు తట్ట మీద నీలం టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా తాడు బిగిస్తున్నారు.

"ఎప్పట్నుంచి కప్పుతున్నారు అత్తయ్యా?"

"మొదటి బారిష్ కాణ్ణుంచీ. వానొత్తే కప్పి, ఎలిసాక తీసేత్తన్నాను. ఉప్పు పడితే గుడ్డెట్టి తుడిసేత్తన్నాను కూడా."

తల బాదుకున్నాను. అవి తడవడానికే పెట్టానని మొదటిరోజే చెప్పానే!

"ఏదో మాటవరసకన్నావనుకున్నాను. వానొత్తంటే ఎవులైనా సామాన్ బయటొగ్గేత్తారేటి? ఎండుసేపలే లోపలెట్టుకుంటామే!"

నోరు మూసుకుంటే పర్మనెంటు. రెండు రోజులు ఆ ఆశ నన్ను పీక్కుతింది, ఒప్పుకుంటున్నాను. మూడోరోజు పళ్లు కొరుక్కుంటూ మెయిల్ కొట్టాను, గుళికలు అసలు తడవలేదు, ఎనిమిది నెలల ఫలితాలూ కొట్టేయండి అని.

కొత్త గుళికలు వచ్చాయి. ఈసారి టార్పాలిన్ దాచేశాను. వాన పడ్డప్పుడల్లా ఆవిడ మెట్ల మీద కూర్చుని "నానిపోతన్నాయే, పాపం" అంటూ నా ప్రాణం తోడేశారు. ఒకరోజు విసుగెత్తి గట్టిగా అరిచాను కూడా.

మూడో నెల ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. గుళికలు ఎందుకూ పనికిరాకుండా పోయాయట. యంత్రం ఆలోచన మానుకున్నారట. నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి.

స్పీకరులో అంతా విన్న అత్తగారు అడిగారు.

"వాన తగలకండా కప్పితే నిలుత్తాయని ఎనిమిది నెల్లు సూపించాను కదే. ఆ మాట వాళ్లకి రాసేవా?"

రాయలేదు.