పెద్దమ్మ కడిగిన కీబోర్డు

మా పెద్దమ్మ చేతిలో పడ్డ వస్తువు ఏదైనా సరే, స్నానం చేయకుండా బయటపడదు. టేబుల్ ఫ్యాను, కుట్టుమిషను, గోడగడియారం, ఆఖరికి పెదనాన్న రేడియో కూడా ఆవిడ చేతుల్లో తలంటు పోసుకున్నవే. అన్నీ ఆరాక మళ్ళీ పనిచేశాయి. అందుకే ఆవిడకంత ధీమా.

నాటకాలు రాసేవాళ్ళ చేతిరాత తెచ్చుకుని ఇంట్లోనే కంప్యూటర్లో కొట్టివ్వడం ఆవిడ పని. కంప్యూటర్లు ఎన్ని మారినా కీబోర్డు మాత్రం మొదట్నుంచీ అదే. లోపల ఇనుప రేకుతో ఇటుకంత బరువుంటుంది. ప్రతి మీట కిందా విడిగా ఓ స్ప్రింగు, విడిగా ఓ స్విచ్చి. నొక్కితే టక్కుమంటుంది. కింది వాటాలో ఉండే మేము ఆ చప్పుడు వినే, పెద్దమ్మ నవ్వుతూ కొడుతోందో కోపంగా కొడుతోందో చెప్పేసేవాళ్ళం.

ఓ ఆదివారం నాటకాల మాస్టారు, మళ్ళీ ఆదివారమే రిహార్సలంటూ రెండో అంకం పట్టుకొచ్చారు. నాయకుడు కత్తి ఎలా దూస్తాడో చేత్తో చూపిస్తూ, పక్కనున్న టీ గ్లాసును ఒక్క వేటుకి పడగొట్టారు. పాలు, చక్కెరతో సహా టీ అంతా కీబోర్డులోకి పోయింది.

"ఎంత పని చేశానమ్మా! కొత్తది కొనిస్తాను," అన్నారు మాస్టారు, మొహం పాలిపోయి.

"కొత్తదెందుకండీ? కడిగితే సరి," అంది పెద్దమ్మ. అప్పటికే తీగ పీకేసింది.

పెదనాన్న లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. "అది కరెంటు వస్తువే, గిన్నె కాదు!"

"మీరు ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ కడగట్లేదా?"

"అవి కరెంటుతో నమలవు కదా!"

ఆవిడ వింటేనా! మీటల టోపీలన్నీ ఊడబీకి సబ్బునీళ్ళ బేసిన్లో వేసింది. మరలు విప్పి, మిగతాదాన్ని కుళాయి కింద పెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దింది. బేసిన్లో తేలుతున్న టోపీల్ని చూసి, "మా ల్యాబుకొచ్చినట్టే ఉంది," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు పెదనాన్న.

ఒక పూట ఎండలో పెట్టి, పైన తడి లేదుకదా అని ఆవిడ తీగ తగిలించేసింది. ఎవరూ ముట్టుకోకుండానే తెర నిండా 'ననననన' అని పడుతూ పోయింది.

"దానికి పూనకమొచ్చింది," అన్నాడు పెదనాన్న.

"లోపల నీళ్ళున్నాయి. తొందరపడ్డాను," అని పెద్దమ్మ వెంటనే తీగ తీసేసింది. ఈసారి బోర్లించి, ఫ్యాను కింద పెట్టి, రెండ్రోజులు దాని జోలికి పోలేదు. మాస్టారు మాత్రం రోజూ ఫోను చేసి, ఆసుపత్రిలో మనిషి గురించి అడిగినట్టు అడిగేవారు.

మళ్ళీ తగిలించినప్పుడు పూనకం దిగింది కానీ నత్తి మొదలైంది. 'కథ' అని కొడితే 'కకథ' అని పడుతోంది. కడిగినప్పుడు చెమ్మతోపాటు మురికి కూడా స్విచ్చిల్లోకి దిగి ఉంటుందని ఆవిడ లెక్క. తీగ తీసేసి, పెదనాన్న దగ్గర స్పిరిట్ అడిగి, ఒక్కో స్విచ్చిలో ఒక్కో చుక్క వేసి, పదేపదే నొక్కింది. అది ఆరాక చూస్తే నత్తి పోయింది.

కానీ నాలుగు మీటలు నోరు విప్పనే లేదు. ఏడు అంకె, హ, ర, స. ఆవిడ 'సరసం' అని కొట్టి చూసింది. తెర మీద ఉత్త సున్నా మిగిలింది.

"మనింట్లో ఉన్నది అంతే గదే," అన్నాడు పెదనాన్న.

చూద్దామని పైకెళ్ళిన నేను నవ్వాపుకోలేకపోయాను. పెద్దమ్మ నవ్వలేదు. ఆ నాలుగు మీటల వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇది చూశారా? నాలుగూ ఒకదాని కింద ఒకటి, వాలుగా ఒకే వరసలో ఉన్నాయి. పక్కవాటికి ఏమీ కాలేదు. నాలుగూ ఒక్కసారే పడుకున్నాయంటే జబ్బు మీటల్లో లేదు. వాటికి వెళ్ళే దారిలో ఉంది."

వీధి చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర్నుంచి, దారి తెగకుండా ఉంటే కీచుమనే మీటరూ, టంకం పెట్టే కడ్డీ తెప్పించింది. బోర్డు తిరగేసింది. ఆకుపచ్చ పూత కింద రాగిగీతలు సందుల్లా అటూ ఇటూ పోతున్నాయి. మీటరు ముల్లు ఒకటి హ దగ్గర, ఇంకోటి ర దగ్గర పెడితే కీచుమంది. ర నుంచి స దాకా కూడా కీచుమంది. స దాటి, బోర్డు అంచునున్న చిప్పు కాలు దగ్గర పెడితే మాత్రం చప్పుడు లేదు.

"ఇక్కడే తెగింది. మీ భూతద్దం దీపం ఇటు తెండి."

పెదనాన్న పళ్ళు సరిచూసే దీపం పట్టుకున్నాడు. గీత ఒకచోట నల్లబడి, పచ్చగా చిలుం పట్టి, పొడిపొడిగా రాలిపోయి ఉంది.

"ఇది మాస్టారి టీ కాదు. నాలుగు రోజుల్లో రాగి ఇంతలా చివికిపోదు," అంది పెద్దమ్మ. రాలిన పొడిని గోటితో గీకి, "ఇన్నేళ్ళుగా దీని పక్కన టీ తాగింది నేనేగా. ఎప్పుడో చిందినదే లోపల్లోపల కొరికేసింది. మిగిలిన కాస్తా నా బ్రష్షుకి ఊడింది," అంది. ఏమాత్రం తడబడకుండా మాస్టారికి ఫోను చేసి అదే మాట చెప్పింది. "మీరు హాయిగా ఉండండి. ఆ పాపం నాదే."

సన్నటి ఎర్ర వైరు ముక్క తీసుకుని, స కాలికీ చిప్పు కాలికీ టంకం పెట్టబోయింది. కరిగిన టంకం ముత్యంలా దొర్లి టేబుల్ మీద పడింది. రెండోసారీ అంతే.

"టంకాన్ని కాదే, ముందు కాలుని వేడెక్కించు. తర్వాత అదే పాకుతుంది," అన్నాడు పెదనాన్న. ఆయన రోజూ పళ్ళ తీగలు అతికేది అలాగే.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా!"

మూడోసారి టంకం బుద్ధిగా పాకి మెరిసింది. వైరు కదలకుండా ఆయన సన్నటి పట్టకారుతో పట్టుకున్నాడు, రెండో కొస ఆవిడ అతికింది. టోపీలు పెట్టకుండానే తీగ తగిలించి, ఉత్త స్విచ్చిల మీద వేళ్ళు ఆనించి 'సరసం' అని కొట్టింది. మూడక్షరాలూ నిండుగా పడ్డాయి. పెదనాన్న కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి మా పైకప్పు మీద టకటక మొదలైంది. మాస్టారి నాయకుడు రెండ్రోజులు తిరిగేసరికి కత్తి దూశాడు, యుద్ధం గెలిచాడు, పెళ్ళి కూడా చేసుకున్నాడు. రిహార్సలు వాయిదా పడలేదు.

సామాను తిరిగిచ్చేటప్పుడు ఫోన్ల కుర్రాడు ఆ ఎర్ర వైరు చూపించమని అడిగాడు. చాలాసేపు తిప్పి చూసి, "అత్తా, నా కొట్లో ఇలాంటి పాత కీబోర్డు ఇంకొకటుంది. ఎవరూ ముట్టుకోవట్లేదు. చూస్తారా?" అన్నాడు.

"తీసుకురా. నీళ్ళు కాచి పెడతాను," అంది పెద్దమ్మ.