మంద ఆగిన చేలు

నా రెండో అధ్యాయాన్ని గైడ్ సార్ వెనక్కి ఇచ్చినప్పుడు అందులో ఎర్ర సిరా ఎక్కువ లేదు. ఒకే ఒక వాక్యం కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. "గార్లదిన్నె నుంచి పామిడి వైపు గొర్రెల మందలు వెళ్లిన దాఖలా లేదు" అని నేను రాసిన వాక్యం అది.

"మీ నాయన మందతో పోయిన దారి ఇదేనని మీరే ఒకసారి చెప్పినారు కదమ్మా?" అన్నారు సార్. ఆయన నాకంటే ఎనిమిదేళ్లు చిన్న.

"చెప్పినాను సార్. కానీ ఏడు ఊళ్లు తిరిగి అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. అందరి జవాబులూ కాగితం మీద ఉన్నాయి."

"కాగితం మీద లేకపోతే మీ నాయన నడవలేదా?"

నేను అక్షరాలు దిద్దింది ఇరవై తొమ్మిదో ఏట, నా చిన్న కూతురి పలక మీద. ఆ తర్వాత ఓపెన్ స్కూలు, డిగ్రీ, ఎమ్మే పట్టుదలగా పూర్తి చేశాను. కానీ చదువు ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఒక బలహీనత ఉంటుంది. రాసి ఉన్నదాన్ని కాదనాలంటే భయం. నాయన ఇప్పుడు లేడు గానీ, ఏడేళ్ల వయసులో ఆ దారిన ఆయన మంద వెనక నేనూ నడిచాను. అదంతా పక్కన పెట్టి, నా చేతులతో నింపుకొచ్చిన కాగితాలను నమ్మాను.

కరువు కాలాల్లో అనంతపురం గొర్రెల కాపరులు మేత వెతుక్కుంటూ పోయిన దారుల చరిత్ర నా పరిశోధన. ఆ దారే లేదంటే థీసిస్ సగం లేనట్టే. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇంకోసారి ఇవ్వరు. నెల తిరిగేలోపు రివ్యూ కమిటీ ముందు ఈ అధ్యాయం నిలబడకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

ఆ ఆదివారం రాప్తాడు దగ్గర మా ఊరికి వెళ్లి అమ్మతో చెప్పుకున్నాను. అమ్మ శెనక్కాయలు ఒలుస్తూ వింది. ఊళ్లలో ఏమేమి అడిగానో చదవమంది. చదివాను. పేరేమి, భూమి ఎంత, సర్వే నంబరు ఎంత, మీ పొలాల్లో గొర్రెల దారి ఉండేదా?

అమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఓయమ్మో, ఇట్లడిగితే ఎవురు చెప్తారే! సంచి తగిలించుకొని పోయి సర్వే నంబరు అడిగితివి. భూమి కొలిచే ఆఫీసరమ్మ వచ్చిందనుకోరా? దారి ఉండాదంటే అది గవర్నమెంటుదంటారు, చేను పోతాదని వాళ్ల భయం."

"మరి ఎట్లడగాల?"

"దారి ఊసే ఎత్తొద్దు. చేను గురించి అడుగు. రేపు నేనూ వస్తా."

"ఈ మోకాళ్లతోనా?"

"మోకాళ్లు నావి. నీకేమి నొప్పి?"

మర్నాడు పామిడి బస్సెక్కి, పామిడికి ఇవతల ఒక ఊళ్లో దిగాం. రెండు నెలల ముందు నాకు తల అడ్డంగా ఊపి పంపిన ముసలి రైతు ఇంటి ముందే కూర్చుని ఉన్నాడు. అమ్మ నీళ్లడిగి తాగింది. ఆయన ఎదురుగా చతికిలబడింది.

"ఏమన్నా, ఈ బోర్లు రాకముందు మీకు కొర్ర బాగా పండిన చేను యాడుండాది?"

ఆయన ఆలోచించనే లేదు. "తూరుపు చేను. ఆడ గొర్లు మూడు దినాలు పండుకొనింటే, ఆ ఏడు కొర్ర నా నడుం దాకా వచ్చింది."

ఎరువు కోసం రైతులు దారిన పోయే మందను పిలిచి చేలో పడుకోబెట్టుకునేవారు. బదులుగా కాపరికి జొన్నలో కొర్రలో పెట్టేవారు. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అడగాలని మాత్రం తోచలేదు.

"ఎవురి గొర్లన్నా అవి?" అంది అమ్మ.

"పొడుగు మనిషి. ముక్కు మీద కోపం. మా ఇంట్లో సంగటి మాడిందని తట్ట తోసేసినాడు ఒకసారి."

"ఆయనే మా ఇంటాయన. ఉన్నన్ని దినాలూ ఇంట్లో గూడా అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడాయన నన్ను పరీక్షగా చూశాడు. "ఈ మేడమ్మ మొన్న వచ్చింది గదా! నీ కూతురా? ముందే చెప్పకూడదామ్మా? ఊరంతా మాట్లాడుకొని నీకి అబద్ధం చెప్పి పంపిస్తిమి!"

ఆ అబద్ధాలనే నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తడవకుండా దాచుకున్నాను.

తర్వాత మూడు వారాలూ ఆ ఏడు ఊళ్లే మళ్లీ తిరిగాను. అమ్మ మొదటి ఊరితో కలిపి రెండు ఊళ్లకు వచ్చింది, మోకాళ్లు సహకరించక ఆగిపోయింది. సంచి ఇంట్లో పెట్టి ఒక్కదాన్నే వెళ్లాను. మంద పడుకున్న చేను రెండు మూడేళ్లు మంచి పంట ఇస్తుంది కాబట్టి రైతు దాన్ని మరిచిపోడు. కొన్ని ఇప్పుడు చీనీ బత్తాయి తోటలయ్యాయి, కొన్ని బీడు పడ్డాయి. అయినా వేలు పెట్టి చూపించారు. మొత్తం పదకొండు చేలు. మండలాల పటం మీద చుక్కలు పెడితే అవి వంకరలు తిరుగుతూ పెన్న ఏటి దాకా ఒకే వరసలో పోయాయి.

కమిటీలో ఒక ప్రొఫెసర్ గారు పటం చూసి అన్నారు, "మీ అమ్మగారు కాపరి భార్య. ఆవిడ పక్కనుంటే వాళ్లు ఆవిడకు నచ్చేదే చెప్తారు కదా? దీన్ని ఆధారమని ఎలా అనుకోవాలి?"

న్యాయమైన ప్రశ్న. గైడ్ సార్ కిటికీ వైపు చూస్తున్నారు, సాయం రారు.

"అమ్మ వచ్చింది రెండు ఊళ్లకే సార్. మిగతా ఊళ్లకు నేనొక్కదాన్నే వెళ్లాను. ఒక ఊరి రైతు ఏం చెప్పాడో ఇంకో ఊరికి తెలీదు. ఆ రెండు ఊళ్లూ తీసేసి చూడండి."

అరచేత్తో నాలుగు చుక్కలు కప్పాను. మిగిలిన ఏడూ అదే వరసలో ఉన్నాయి.

ఆయన కళ్లజోడు సర్దుకుని మిగిలిన చుక్కలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. "మొదటి జవాబులు కూడా చివర్లో జతచేయండి. అవి ఎందుకు తప్పో రాయండి. పెన్న దాటాక దారి ఎటు పోయిందో అది కూడా కావాలి," అన్నారు. అధ్యాయం నిలబడింది. రిజిస్ట్రేషన్ కూడా.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"పాసైనావా?"

"పాసు కాదమ్మా. ఇంకా రాయమన్నారు."

"ఇంగ ఎన్నేండ్లు సదువుతావే!"

"పెన్న అవతలికి పోవాలంట. మనోళ్లు ఆడ యాడ దిగేటోళ్లో నీకేమన్నా తెలుసునా?"

"నాకేం తెలుసు? నేనెప్పుడూ ఏరు దాటలేదు. నువ్వే పో. అడిగేది వచ్చింది గదా నీకి."