ఎత్తు మీద మూలిగిన కారు

ఆ కారుకు క్లచ్ లేదు. మొదటి రోజు సీట్లో కూర్చుని, ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెతుక్కున్నప్పుడే దాని మీద నా మనసు విరిగింది. అంతకుముందు నార్కట్‌పల్లి దగ్గర లారీలు తోలినవాణ్ని. గేరు మార్చడమంటే చెయ్యి, కాలు, చెవి మూడూ కలిసి చేసే పని నాకు. ఇదేమో తన గేర్లు తానే మార్చుకునేది. నేను దాన్ని తోలుతున్నానో, అదే నన్ను తీసుకుపోతోందో తెలిసేది కాదు.

దొరకు మాత్రం అదంటే ప్రాణం. పోలీసు చర్య అయిన కొన్నేళ్లకు, హైదరాబాదులో ఒక నవాబుగారి ఇంటివాళ్లు అమ్ముకుంటుంటే కొని, అచ్చంపేట అవతల అడవి అంచున ఉన్న తన ఊరికి తెప్పించుకున్నాడు. భూములు ఒక్కొక్కటే చేజారుతున్న రోజులవి. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అన్నట్టు, ఆ కారులో కూర్చున్నంతసేపు ఆయన ఇంకా దొరే.

గడి అంటే దొర కోటలాంటి ఇల్లు. అక్కడి నుంచి పెద్ద రోడ్డుకు పోవాలంటే ఊరి చివర ఒక ఎత్తు ఎక్కాలి. రెండు పక్కలా నల్ల బండలు, మధ్యలో ఎర్రమట్టి బాట. పైన ఒకటే గుడిసె. అందులో ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక్క మేకను నమ్ముకుని బతికేది. నాకు ముందున్న డ్రైవరు ఆ మేకను, చూడితో ఉన్నదాన్ని, గుడిసె ముందే తొక్కించాడు. బండి ఆపలేదు. దొర వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె రెండు చేతులా మన్నెత్తి పోసి శపిస్తూ, ఆ దుమ్ములో కారు వెంట కొంతదూరం నడిచిందని ఊళ్లో చెప్పుకునేవారు.

నేను చేరిన ఎండాకాలంలోనే మూలుగు మొదలైంది.

సరిగ్గా ఎత్తు సగం ఎక్కేసరికి వచ్చేది. మొదట సన్నగా, గొంతులోనే అణచుకున్నట్టు. పైకి పోయే కొద్దీ సాగి సాగి, గుడిసె దగ్గరికి వచ్చేసరికి ఈనలేక బాధపడే మేక మూలుగులా అయ్యేది. చదునుకు రాగానే ఠక్కున ఆగిపోయేది. అంతసేపూ ముసలామె గడపలో కూర్చుని కారునే చూసేది. రెప్ప వేసేది కాదు. నేను దయ్యాల్నీ భూతాల్నీ నమ్మే మనిషిని కాను, నమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. అయినా ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎక్కడా చీమ చిటుక్కుమనని చోట ఆ చప్పుడు వింటే చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడేవి.

చక్రాలు విప్పి గ్రీజు పెట్టాను. ఇంజన్ నూనె మార్చాను. ఒక కర్ర కొస బండికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాను. గడిలోని షెడ్డులో నిలబెట్టినంతసేపు అది నోరు విప్పేది కాదు. మహబూబ్‌నగర్‌లో బండ్లు బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. మా ఎత్తు దాటాక అంతా చదును రోడ్డు. దారి పొడుగునా కిక్కురుమనలేదు. మేస్త్రీ నా కాళ్ల దగ్గర పెడళ్లు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"క్లచ్ లేని బండి యాడన్న ఉంటదా? తీస్కపో సాబ్, నేను ముట్ట."

మర్నాడు ఊళ్లో ఎత్తెక్కితే మళ్లీ అదే మూలుగు.

ఇక ఊరు ఊరుకుంటుందా? బాణామతి అన్నారు. ముసలామె చేసిందన్నారు. దొరసానికి జ్వరం వస్తే అదీ ఆమె పనే అన్నారు. పక్క ఊరి మంత్రగాణ్ని పిలిపించారు. అతను కారు చుట్టూ తిరిగి, నిమ్మకాయలు కోసి, అమావాస్య నాడు ఆమె పండ్లు ఊడగొట్టాలని చెప్పాడు. పండ్లు లేని నోట మంత్రం పలకదట. ఆ నోట్లో ఉన్నవే నాలుగు పండ్లు. దొర ఔననలేదు, కాదనలేదు. ఆయన ఊరుకున్నాడంటే ఔనన్నట్టే. 

ఆమె దగ్గరికి పోయాను.

"అవ్వా, జర నాలుగొద్దులు ఎటన్న పో."

"యాడికి పోవాలె బిడ్డా?"

"మరి నువ్వేం జెయ్యలేదని నలుగుట్ల చెప్పరాదు?"

ఆమె కింద గడి వైపు, షెడ్డు వైపు చూసింది. పెదవుల మీద నవ్వులాంటిది కనిపించింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది.

అమావాస్య రేపనగా, పొద్దున్నే షెడ్డుకు పోయాను. రోజూ గడి వాకిలి ఊడ్చే ఆడమనిషి కారు కిందికి దూరి నేల అలుకుతోంది.

"కారు కింద అలుకుడేంది?" అన్నాను.

ఆమె పేడ చేతులతోనే దండం పెట్టింది. "అన్నా, ఎవరికీ చెప్పకు. రోజూ గీడ నెత్తురు పడుతాంది. దొర జూస్తే ఆ అవ్వ పానం మీదికొస్తదని, తెల్లారకముందే పేడ పూస్తున్న."

"ఎప్పటి సంది?"

"ఎండలు ముదిరినకాడి నుంచి."

ఇంకా అలకని చోట ఎర్రటి మరక ఉంది. వేలు పెట్టాను. ఎర్రగా, చిక్కగా అంటుకుంది.  ధైర్యం చేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నెత్తురు వాసన కాదు. వేళ్ల మధ్య జారింది. నూనె!

కారుతోపాటు ఒక డబ్బా వచ్చింది, దేనికో తెలియక మూల పడేశాను. మూత తీస్తే అదే ఎరుపు. కాళ్ల కింద పరిచిన రబ్బరు ఎత్తితే గేరుబాక్సు మూత, దానికో నూనె కొలిచే పుల్ల. పుల్ల కొస మాత్రమే తడిసింది. నూనె రోజూ కాస్త కాస్త కారిపోతోంది. మిగిలింది ఎత్తెక్కేటప్పుడు వెనక్కి జారుతోంది, గేర్లకు నూనె అందించే లోపలి పంపు గాలి పీలుస్తోంది. బావి అడుగంటినప్పుడు నీళ్లు తోడే ఇంజన్ గుర్రుమంటుంది చూడండి, అలాంటిదే. ఇన్నాళ్లూ ఆ మరక పేడ కింద దాగి, నన్ను బండి చుట్టూ తిప్పింది.

డబ్బా ఎత్తాను కూడా. పోయబోతూ ఆగిపోయాను. ఈ రోజు మూలుగు పోతే "ముసలామె భయపడి మంత్రం తీసేసింది" అంటారు. తీసేసిందంటే చేసిందనే కదా! మూలుగు పోవడం కాదు, ఇంకో చోట రావాలి.

దొర దగ్గరికి పోయి, అమావాస్య కోసం గడిలోనే దిగిన మంత్రగాణ్ని కూడా ఎక్కించుకుని వాగు దాకా పోదామన్నాను. ఎందుకని అడిగితే, వస్తే మీకే తెలుస్తుందన్నాను. వాగు ఊరికి రెండో కొసన ఉంది. ఒడ్డు మీద గుడిసె లేదు, మనిషి లేడు. దొర వెనక, ఆయన పక్కన కూర్చునే ధైర్యం లేక మంత్రగాడు ముందు, నా పక్కన. ఎండిన ఇసుకలో బండి తిప్పి ఒడ్డు ఎక్కించాను. సగానికి రాగానే మా కాళ్ల కింది నుంచి మూలిగింది. వస్తుందని తెలిసినవాణ్ని, నాకే ఒళ్లు జలదరించింది. మంత్రగాడు తలుపు పట్టుకుని బిగుసుకుపోయాడు.

"ముసలామె ఊరికి గా కొసన ఉన్నది దొరా," అన్నాను. "గీడ మనం ముగ్గురమే. మరి గిప్పుడు ఎవరు జేసిన్రు?"

దొర మంత్రగాడి మెడ వైపు చూశాడు. ఆ చూపు తగిలినట్టుంది, అతను గిర్రున తిరిగాడు.

"నేను గాదు దొరా! నా పిల్లల మీద ఒట్టు!"

దొర పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో ముసలామె పండ్లు దక్కాయి. అక్కడే వాళ్ల కళ్ల ముందే డబ్బాలోని నూనె పోశాను. మళ్లీ ఒడ్డు ఎక్కిస్తే కారు నోరు మూసుకుని ఎక్కింది. సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. మంత్రగాడు నిమ్మకాయలు కూడా వదిలేసి పోయాడు.

మర్నాడు దొరను అచ్చంపేటకు తీసుకుపోతూ, ఎత్తు మీద గుడిసె ఇంకా నాలుగు గజాలుందనగా బండి ఆపాను.  ముసలామె గడపలోంచి లేచి వచ్చింది.

"ఇయ్యాల మూల్గలేదేంది?"

"నూనె తక్కువై మూల్గిందవ్వా. పోసిన. తగ్గినప్పుడల్లా పోస్త. ఇగ మూల్గది. నీకేం ఫికర్ లేదు," అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను.

ఆమె కారునే చూసింది.

"గంతేనా? నా మేకది గాదా?"

"కాదవ్వా."

"నేను మన్నెత్తి పోసినదానికి గాదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అది మూల్గినప్పుడల్లా నా ఉసురు ముట్టిందనుకున్న బిడ్డా. పండ్లు పోతే పోనీ అనుకున్న. ఉత్త నూనేనా?"

అక్కడే బాట మీద కూలబడి ఏడ్చింది. పండ్లు ఊడగొడతారన్నప్పుడు రాని ఏడుపు అది.  వెనక సీట్లో దొర అంతా విన్నాడు. అద్దంలో చూశాను. ఆయన బండల వైపు చూస్తున్నాడు.

"పోనియ్యిరా," అన్నాడు.

ఆమెను తప్పించి బండి పోనిచ్చాను. ఎత్తు ఇంకా కాస్త మిగిలి ఉంది. అది దాటేదాకా, ఒక్కసారి మూలిగితే బాగుండునని చెవులు రిక్కించి విన్నాను.